కళ్లద్దాలకు ఎఫ్‌ఎస్‌ఏ, హెచ్‌ఎస్‌ఏ: ఏళ్ల తరబడి వాడాక తేలిన లెక్క

అమెరికాలో ఉద్యోగం చేసేవాళ్లలో చాలామందికి ఏటా అక్టోబరు, నవంబరు నెలల్లో ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్, అంటే వచ్చే ఏడాదికి కంపెనీ బీమా, ఖాతాలు ఎంచుకునే గడువు, వస్తుంది. అందులో ఎఫ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చుల కోసం పన్ను పడకముందే జీతంలోంచి పక్కన పెట్టే ఖాతా) గడి దగ్గరికి రాగానే ఎక్కువమంది సున్నా వేసి ముందుకు వెళ్లిపోతారు. వాడకపోతే డబ్బు పోతుందన్న భయమే కారణం. జ్వరాలు, దెబ్బలు ఎప్పుడొస్తాయో తెలియదు కాబట్టి వాటి విషయంలో ఆ భయం సబబే. కళ్లజోడు సంగతి వేరు. ఇంట్లో ఎవరికి సైటు ఉంది, ఎవరి అద్దాలకు గీతలు పడ్డాయి, నలభై దాటాక ఎవరికి చత్వారం మొదలైంది, ఇవన్నీ నవంబరులోనే తెలుసు. ముందే తెలిసిన ఖర్చుకు ఈ ఖాతాలు చక్కగా పనిచేస్తాయి. చాలా ఏళ్లుగా ఎఫ్‌ఎస్‌ఏ, హెచ్‌ఎస్‌ఏ (ఆరోగ్య ఖర్చుల పొదుపు ఖాతా) రెండిటితోనూ ఇంటిల్లిపాదికీ అద్దాలు కొంటున్న అనుభవంతో చెబుతున్నాను: లాభం నిజమే, కానీ బిల్లు మీద తేదీ, పేరు సరిగా లేకపోతే అది చేతికి రాదు.

ముందు లాభం ఎంతో చూద్దాం. టెక్సస్‌లో ఉండి 22 శాతం ఫెడరల్ శ్లాబులో పడే ఉద్యోగిని తీసుకుంటే, ఎఫ్‌ఎస్‌ఏలో వేసిన ప్రతి డాలరుకూ ఆ 22 శాతంతో పాటు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు కలిపి 7.65 శాతం మిగులుతుంది. మొత్తం 29.65 శాతం. 400 డాలర్ల కళ్లజోడుకు 118.60 డాలర్లు మిగిలినట్టు. జీతం 2026లో 184,500 డాలర్లు దాటిందంటే, ఆ పైమొత్తం మీద సోషల్ సెక్యూరిటీ పన్ను ఎలాగూ ఉండదు. అప్పుడు మిగిలేది మీ శ్లాబు శాతం, దాని మీద మెడికేర్ 1.45 శాతం మాత్రమే. రాష్ట్రం పన్ను ఉన్నచోట ఇంకొంత కలుస్తుంది. ఇక్కడ మనవాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో ఒక తిరకాసు ఉంది: ఆ రాష్ట్రం తన పన్ను లెక్కలో ఎఫ్‌ఎస్‌ఏనూ హెచ్‌ఎస్‌ఏనూ మినహాయించదు. కాలిఫోర్నియా ఎఫ్‌ఎస్‌ఏను ఒప్పుకుంటుంది, హెచ్‌ఎస్‌ఏను ఒప్పుకోదు. ఫెడరల్ లాభం మాత్రం రెండుచోట్లా ఉంటుంది.

డబ్బు పోతుందన్న భయానికి కూడా ఒక లెక్క ఉంది, దాన్ని ఎవరూ వేసి చూడరు. 600 డాలర్లు ఎంచుకుని 480 మాత్రమే ఖర్చుపెట్టారనుకోండి. 120 పోయింది. కానీ ఆ 600కి మీ చేతికొచ్చే జీతంలో తగ్గింది 422.10 డాలర్లే. అంటే 422 పెట్టి 480 విలువైన వస్తువు కొన్నారు. పైన చెప్పిన శ్లాబులో ఎంచుకున్న మొత్తంలో దాదాపు 29 శాతం వృథా అయినా నష్టం లేదు. పైగా చాలా ప్లాన్లు మిగిలినదాంట్లో కొంత వచ్చే ఏడాదికి మోయనిస్తాయి. 2025 నుంచి 2026కి 660 డాలర్ల వరకు, 2026 నుంచి 2027కి 680 వరకు. కొన్ని ప్లాన్లు దానికి బదులు మార్చి 15 దాకా గడువిస్తాయి. కొన్ని రెండూ ఇవ్వవు. రెండూ కలిపి ఇవ్వడానికి నిబంధనలే ఒప్పుకోవు. మీ ప్లాను ఏ రకమో హెచ్‌ఆర్ వాళ్లిచ్చే పత్రంలో ఉంటుంది. అంకె వేసేముందు అది చదవండి.

ఎఫ్‌ఎస్‌ఏలో నాకు అన్నిటికంటే నచ్చేది, ఏడాది మొత్తం సొమ్ము మొదటి రోజే అందుబాటులో ఉండటం. జనవరిలో జీతం నుంచి 25 డాలర్లే కోత పడినా, 600 డాలర్ల అద్దాలు అప్పుడే కొనుక్కోవచ్చు. ఆ తర్వాత మధ్యలో ఉద్యోగం పోయినా, వాడిన సొమ్ములో మీరింకా కట్టని భాగాన్ని కంపెనీ వెనక్కి అడగకూడదు. అదే వాడకుండా ఉంచుకుంటే మాత్రం, సాధారణంగా ఉద్యోగం ముగిసిన రోజుతోనో ఆ నెలాఖరుతోనో ఖాతా ముగుస్తుంది. ఆ తేదీ తర్వాత కొన్న అద్దాలకు క్లెయిమ్ రాదు. లేఆఫ్ మాట వినిపించిన వారంలో కంటి పరీక్ష చేయించుకుని అద్దాలు ఆర్డరు పెట్టేయడం తెలివైన పని. హెచ్‌1బి మీద ఉన్నవాళ్లకు ఆ రోజుల్లో తలమీద వంద పనులుంటాయి. అయినా ఈ ఒక్కటి మరవద్దు, అది మీ జీతంలోంచి పోయిన డబ్బు.

హెచ్‌ఎస్‌ఏ నడక వేరు. డిడక్టబుల్ (బీమా ఇవ్వడం మొదలుపెట్టేలోపు మనమే కట్టుకోవాల్సిన మొత్తం) ఎక్కువగా ఉండే ఆరోగ్య బీమా ఉంటేనే అందులో డబ్బు వేయగలం. 2026లో పరిమితి ఒక్కరికి 4,400 డాలర్లు, కుటుంబానికి 8,750. ఖాతాలో ఎంత చేరిందో అంతే వాడగలం. కానీ డిసెంబరుతో ఏదీ పోదు, ఉద్యోగం మారినా ఖాతా మీదే. ఇంకో సౌకర్యం ఏమిటంటే, అద్దాలు ఇప్పుడు సొంత డబ్బుతో కొని, రిసీటు దాచుకుని, ఎన్నేళ్ల తర్వాతైనా ఆ సొమ్ము పన్ను లేకుండా తీసుకోవచ్చు. ఖాతా తెరిచిన తర్వాత చేసిన ఖర్చయితే చాలు. అయితే హెచ్‌ఎస్‌ఏలో రిసీటు అడిగేవాళ్లు ఎవరూ ఉండరు కదా అని పారేయకండి. లెక్క చూపాల్సింది రేపు ఐఆర్‌ఎస్ (ఫెడరల్ పన్నుల శాఖ) అడిగితే. అర్హత లేని ఖర్చని తేలితే ఆ మొత్తం మీద పన్ను, 65 ఏళ్ల లోపువారికైతే పైన 20 శాతం జరిమానా. దుకాణంలో ఇచ్చే వేడి ముద్ర కాగితం మీద అక్షరాలు ఒకటి రెండేళ్లలో వెలిసిపోతాయి, కొన్న రోజే ఫోటో తీసి పెట్టుకోవాలి.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేసే ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇక్కడే. ఒకరు హెచ్‌ఎస్‌ఏలో డబ్బు వేస్తుంటారు, రెండోవారు తమ కంపెనీలో మామూలు ఎఫ్‌ఎస్‌ఏ తీసుకుంటారు. ఆ ఎఫ్‌ఎస్‌ఏతో జీవిత భాగస్వామి ఖర్చులు కూడా తీర్చుకోవచ్చు కాబట్టి, మొదటివారికి హెచ్‌ఎస్‌ఏలో వేసే అర్హతే పోతుంది. పాత ఏడాది మామూలు ఎఫ్‌ఎస్‌ఏ నుంచి పది డాలర్లు మోసుకొచ్చినా అదే గతి. ఇలాంటివాళ్లకు మందు లిమిటెడ్ పర్పస్ ఎఫ్‌ఎస్‌ఏ. అది పళ్లకు, కళ్లకు మాత్రమే. హెచ్‌ఎస్‌ఏ పక్కన పెట్టుకోవచ్చు, 2026 పరిమితి మామూలు ఎఫ్‌ఎస్‌ఏలాగే 3,400 డాలర్లు. మీ కంపెనీ ఇస్తుంటే కళ్లద్దాలకు ఇంతకంటే మంచి జత లేదని నా అభిప్రాయం: అద్దాలకు లిమిటెడ్ ఎఫ్‌ఎస్‌ఏ, హెచ్‌ఎస్‌ఏ డబ్బు ముట్టుకోకుండా పెట్టుబడిలో.

ఇక కొనే తీరు. ఈ ఖాతాలకు ఇచ్చే కార్డు గీసేస్తే పనైపోయిందనుకోవడం వల్లే సగం ఇబ్బందులు. కళ్లద్దాల దుకాణంలో కార్డు పనిచేస్తుంది, ఎందుకంటే దుకాణం రకాన్ని బట్టి దానికి అనుమతి ఉంటుంది. కానీ మీరు కొన్నది పవర్ అద్దాలో, మామూలు చలవ అద్దాలో ఆ అనుమతికి తెలియదు. అందుకే రెండు మూడు వారాల తర్వాత రిసీటు పంపమని మెయిల్ వస్తుంది. పట్టించుకోకపోతే కార్డు ఆపేస్తారు. పంపాల్సింది కార్డు స్లిప్పు కాదు. ఎవరి కోసమో ఆ మనిషి పేరు, దుకాణం పేరు, తేదీ, ఏ వస్తువో, బీమా పోను మీరు కట్టిందెంతో, ఈ ఐదూ ఉన్న ఐటమైజ్డ్ బిల్లు కావాలి. విజన్ ఇన్సూరెన్స్ వాడి ఉంటే ఆ కంపెనీ ఇచ్చే ఈఓబీ (బీమా ఎంత కట్టింది, మీ వంతు ఎంత అని చూపే పత్రం) అన్నిటికన్నా గట్టి కాగితం. బీమా ఇచ్చిన భాగానికి మళ్లీ ఎఫ్‌ఎస్‌ఏలో క్లెయిమ్ చేయకూడదు, జేబులోంచి పోయినదానికే.

తిరస్కరణలు ఎక్కువగా వచ్చేది అడ్వాన్సు కట్టినప్పుడు. కొన్ని దుకాణాలు ఆర్డరు రోజు సగం, తీసుకునే రోజు సగం తీసుకుంటాయి. కార్డు మీద రెండు మొత్తాలు, రెండు తేదీలు కనిపిస్తాయి, బిల్లు మీద ఒకటే ఉంటుంది. పైగా రెండో రిసీటు మీద ‘పాత బాకీ’ అని మాత్రమే ఉంటే ఏ ప్లానూ ఒప్పుకోదు. ఆర్డరు రోజే మొత్తం కట్టేసి, పూర్తి బిల్లు తీసుకోండి. అద్దాలకు అదనంగా అమ్మే ప్రొటెక్షన్ ప్లాను, వారంటీ సొమ్ము అర్హత లేనివి. వాటిని వేరే కార్డుతో విడిగా కట్టండి. ఒకే బిల్లులో కలిపితే మొత్తం క్లెయిమే ఆగుతుంది.

ఏది వస్తుంది, ఏది రాదు అన్న దాంట్లో పెద్ద గందరగోళం లేదు. పవర్ అద్దాలు, వాటి ఫ్రేము, వాటిమీద వేసే కోటింగులు, పవరున్న చలవ కళ్లద్దాలు, కాంటాక్ట్ లెన్సులు, వాటి ద్రవం, కంటి పరీక్ష, లేసిక్, అద్దాల మరమ్మతు వస్తాయి. మందుల షాపులో దొరికే రీడింగ్ గ్లాసెస్ ప్రిస్క్రిప్షన్ లేకపోయినా వస్తాయి, ఇది చాలామందికి తెలియదు. పవర్ లేని నల్లద్దాలు, అందం కోసం పెట్టుకునే రంగు లెన్సులు, విజన్ ఇన్సూరెన్స్ ప్రీమియం రావు.

ఆన్‌లైన్లో కొంటే ధర బాగా తగ్గుతుంది. ఆన్‌లైన్ కళ్లద్దాల కంపెనీలు జెన్నీ, వార్బీ పార్కర్ రెండూ ఈ కార్డులు తీసుకుంటాయి. డాక్టరు పరీక్ష ముగిశాక ప్రిస్క్రిప్షన్ అడగకుండానే, దానికి అదనంగా డబ్బు తీసుకోకుండా ఇవ్వాలని ఎఫ్‌టీసీ (వినియోగదారుల హక్కులు చూసే ఫెడరల్ సంస్థ) నిబంధన ఉంది. ఆ కాగితం మీద పీడీ, అంటే రెండు కంటిపాపల మధ్య దూరం, ఉండాలని మాత్రం ఆ నిబంధన చెప్పదు. పరీక్ష గదిలో ఉన్నప్పుడే అడిగి రాయించుకోండి. దూరానికీ చదవడానికీ ఒకే అద్దంలో పవరుండే ప్రోగ్రెసివ్ లెన్సులకైతే పీడీ చాలదు, ఫ్రేము ముఖానికి పెట్టి కొలిచే ఎత్తు కూడా కావాలి. ఆ కొలత తేడా వస్తే చదివే భాగం కిందికో పైకో జరిగి మెడ నొప్పి. అందుకే చత్వారం అద్దాలు దుకాణంలో, పిల్లల మామూలు పవర్ అద్దాలు ఆన్‌లైన్లో అన్నది నా పద్ధతి.

అద్దాలు తిరిగి ఇచ్చేస్తే రీఫండు అదే కార్డులోకి రావాలి. స్టోర్ క్రెడిట్ తీసుకుంటే ఆ సొమ్ము మీరు ప్లానుకు కట్టాల్సి వస్తుంది. డిసెంబరు 28న కొని జనవరిలో తిరిగి ఇస్తే, డబ్బు పాత ఏడాది ఖాతాలోకి వెళ్లి అక్కడే మురిగిపోవచ్చు. ఏడాది చివర ఇంకో చిక్కు: ఖర్చు జరిగిన తేదీ ఆర్డరు రోజని ఒక ప్లాను అంటుంది, అద్దాలు చేతికొచ్చిన రోజని ఇంకో ప్లాను అంటుంది. నవంబరు నెలాఖరులోపు ఆర్డరు పెడితే రెండూ ఒకే ఏడాదిలో పడతాయి.

ఎవరికి కొనొచ్చు? భార్య లేదా భర్త, పన్ను లెక్కలో మీ మీద ఆధారపడినవాళ్లు. ఎఫ్‌ఎస్‌ఏలో పిల్లలకు 26 ఏళ్లు నిండే ఏడాది చివరిదాకా కొనొచ్చు. హెచ్‌ఎస్‌ఏలో అలా కాదు, వాళ్లు మీ డిపెండెంట్లు అయి ఉండాలి. ఇండియాలో ఉంటున్న అమ్మానాన్నలు డిపెండెంట్ల కిందికి రారు, వాళ్లు ఆరు నెలలు చూడటానికి వచ్చినప్పుడు ఇక్కడ చేయించే అద్దాలను సొంత డబ్బుతోనే చేయించాలి. గ్రీన్‌కార్డుతో మీ ఇంట్లోనే ఉంటూ, వాళ్ల పోషణ సగానికి పైగా మీరే భరిస్తుంటే మాత్రం సాధ్యం.

సెలవులకు వెళ్లినప్పుడు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అద్దాలు చేయించుకుంటే? ఆ ఖర్చుకూ అర్హత ఉంది. కార్డు అక్కడ పనిచేస్తుందని నమ్ముకోకుండా సొంత డబ్బు కట్టి, తర్వాత క్లెయిమ్ వేయాలి. దుకాణంలో చీటీ మీద ‘జోడు ఒకటి’ అని రాసిస్తే పనికిరాదు. పేరు, తేదీ, పవర్ అద్దాలు అన్న మాట ఇంగ్లీషులో ముద్రించిన జీఎస్టీ బిల్లు అడగండి, ప్రిస్క్రిప్షన్ జతచేయండి, ఆ రోజు మారకం రేటుతో డాలర్లలో ఎంతయిందో పక్కన రాయండి. ఆ మూడూ విమానం ఎక్కేలోపే ఫోన్లోంచి అప్‌లోడ్ చేసేస్తే, బిల్లులో ఏదైనా లోపముందని తేలినా దుకాణానికి వెళ్లి మార్పించుకునే వీలుంటుంది.