గ్రాజ్‌లో లిఫ్ట్ లేని గది, నాన్నకు నచ్చిన పిస్తోలు

ఆస్ట్రియాలో పాత బిల్డింగుల్లో గది తీసుకునేవాళ్లకు ముందే చెప్తున్నా. 'లిఫ్ట్ ఉంది' అని రాసి ఉంటే, ఏ మెట్లవైపు ఉందో కూడా అడిగి తెలుసుకోండి.

మేం వియన్నాలో ఉంటాం. అక్టోబరులో అమ్మా నాన్నా హైదరాబాద్ నుంచి వస్తే రెండు రాత్రులకని గ్రాజ్ తీసుకెళ్లాను. ముందే బుక్ చేయడంతో రైలు టికెట్ మనిషికి 19 యూరోలు పడింది. రెండున్నర గంటల ప్రయాణం. జెమ్మరింగ్ కొండలు దాటేదాకా అమ్మ కిటికీ వదల్లేదు.

గది రాత్రికి 118 యూరోలు. తాళం పెట్టె నంబరు కోసం గంటసేపు ఫుట్‌పాత్ మీదే సూట్‌కేసులతో నిలబడ్డాం. తీరా లోపలికి వెళ్తే, లిఫ్ట్ పక్క బ్లాకుది! మాది మూడో అంతస్తట. కానీ ఇక్కడి పాత ఇళ్లలో మధ్యలో మెజానిన్ అని ఒక దొంగ అంతస్తు ఉంటుంది, దాన్ని లెక్కలో వేయరు. నాన్న మెట్లు లెక్కపెట్టారు, మొత్తం 84. పైన టేబుల్ మీద చీటీ: క్లీనింగ్‌కి 60 యూరోలు, క్యాష్. బుకింగ్‌లో ఆ మాటే లేదు. ఓనరుకి మెసేజ్ పెడితే నవ్వుతున్న బొమ్మ ఒకటి పంపాడు. నాన్న మాట్లాడకుండా మోకాళ్లకు తైలం రాసుకున్నారు. "దీనికంటే యాదగిరిగుట్ట సత్రం నయం కదరా" అంది అమ్మ.

పొద్దున్నే నాన్న ఎక్కడికీ రానన్నారు. పది నిమిషాల నడకే అని బతిమాలి హెరెన్‌గాస్సె వీధిలోని ఆయుధశాలకు తీసుకెళ్లాను. అది నాలుగంతస్తులని మాత్రం చెప్పలేదు.

దాన్ని 1640ల్లో కట్టారు. ఒట్టోమన్ సైన్యాల దాడులకు ఎదురుగా ఉన్న ప్రాంతం కాబట్టి, కబురు రాగానే వేలమందికి ఇక్కడినుంచే కవచాలు, తుపాకులు పంచేవారు. 1749లో ఆస్ట్రియాను ఏలుతున్న మరియా థెరీసా తీసేయమంటే స్థానిక ప్రముఖులు జ్ఞాపకంగా ఉంచమని వేడుకుని నిలబెట్టుకున్నారు. ఇప్పటికీ సుమారు 32,000 వస్తువులున్నాయి. చెక్క అరల్లో పిస్తోళ్లు కిరాణా కొట్టులో సబ్బుల్లా బారులు తీరి ఉంటాయి. టికెట్లు, గైడు కలిపి ముగ్గురికీ 50 యూరోల లోపే. ఈ ప్రయాణంలో దండగ అనిపించని ఖర్చు ఇదొక్కటే.

నాన్న బీహెచ్ఈఎల్‌లో ఫిట్టరుగా రిటైరయ్యారు. వీల్‌లాక్ పిస్తోలు దగ్గర ఆగిపోయారు. పక్కన పళ్లున్న చిన్న ఉక్కు చక్రం. దాన్ని తాళంచెవి లాంటి దానితో తిప్పితే లోపల స్ప్రింగు బిగుస్తుంది. ట్రిగ్గర్ నొక్కగానే చక్రం గిర్రున తిరిగి పైరైట్ రాయిని రాసుకుంటుంది, నిప్పురవ్వ తుపాకీమందు మీద పడుతుంది. "సిగరెట్ లైటరే కదరా!" అన్నారు. గుర్రమెక్కిన రౌతుకి దీంతోనే కలిసొచ్చింది. కాల్బలం తుపాకీకి వత్తి మండుతూ ఉండాలి, ఎడమ చేత్తో కళ్లెం పట్టినవాడు దాన్ని ఎలా చూసుకుంటాడు? ఇదైతే ముందే బిగించి జీనుకున్న సంచిలో దోపుకోవచ్చు. వరస వెంట వరస శత్రువు దగ్గరికెళ్లి కాల్చి, పక్కకు తిరిగి వెనక్కొచ్చి మళ్లీ మందు కూరుకునేవారట. దాన్ని కారకోల్ అంటారు. అంతదూరం వెళ్లి కాల్చి వచ్చేయడమేంటని నాకూ అనిపించింది. స్వీడన్ రాజు గుస్తావ్ అడాల్ఫ్ తన రౌతుల్ని కత్తి దూసి మీద పడమన్నాడు. 1632లో జర్మనీలోని ల్యూట్జెన్ దగ్గర అలాంటి దాడిలోనే పోయాడు. పాత గాయం వల్ల ఇనుప కవచం వేసుకోలేక తోలు కోటుతో వెళ్లాడు.

పై అంతస్తులో నల్లటి రౌతు కవచాలు, మోకాళ్ల వరకే. ఒకదాని రొమ్ము మీద వేలు పెట్టేంత సొట్ట. "డ్యామేజీ పీసు" అన్నారు నాన్న. గైడమ్మ నవ్వి, అది యుద్ధంలో పడ్డది కాదు, తయారుచేసినవాళ్లే అమ్మేముందు కాల్చి చూపించిన గుర్తు అంది. మా గది ఓనరు ఫొటోలే చూపించాడు! నాలుగంతస్తులూ ఎక్కారు నాన్న, ఒక్కసారి కూడా మోకాలు అనలేదు.

మధ్యాహ్నం అక్కడి పెద్ద చిక్కుడుగింజల సలాడ్, 8.90 యూరోలు. మీద ఉల్లిపాయ, ముదురాకుపచ్చ గుమ్మడిగింజల నూనె. శాకాహారులకు ఇంతకంటే మంచిది దొరకదు. అమ్మ గిన్నె అడుగున మిగిలిన నూనెని రొట్టెతో తుడిచి తిని, సీసా కొనమంది. 14 యూరోలు.

కోటగుట్ట మీద గడియారంలో పెద్దముల్లు గంటలు, చిన్నముల్లు నిమిషాలు చూపిస్తుంది. అది తెలియక రైలు మిస్సయ్యామేమోనని కాసేపు టెన్షన్ పడ్డాం.

క్లీనింగ్ డబ్బు గురించి బుకింగ్ సైటుకి ఫిర్యాదు చేస్తే రెండు వారాలకు 30 యూరోలు వెనక్కొచ్చాయి. మిగతా 30 కోసం నాన్న ఇంకా నన్ను అడుగుతూనే ఉన్నారు.