తుంగభద్ర తిన్నెల మీద కట్టెలు: కార్తీకానికి ముందా, సంక్రాంతి అయ్యాకా?

కర్నూలు దగ్గర తుంగభద్రలో వరద తగ్గాక ఇసుక తిన్నెల మీద దుంగలు, కంప, వాటికి చుట్టుకున్న పాత వలలు, ప్లాస్టిక్ సంచులు మిగులుతాయి. శుభ్రం చేద్దామంటే జనం వస్తారు, తర్జనభర్జనంతా ఎప్పుడు దిగాలన్న దగ్గరే.

కార్తీకానికి ముందు పెట్టుకుంటే మనుషులకు కొదవుండదు, దీపాలకు ఘాట్లు బాగుండాలని ఎవరైనా ముందుకొస్తారు. కానీ అప్పటికి దుంగలు నీళ్లు తాగి బరువెక్కి, సగం బురదలో కూరుకుపోయి నలుగురు పట్టినా కదలవు. పైగా అక్టోబరు వానలు పూర్తిగా పోవు, హొసపేట దగ్గరి డ్యాము నిండుగా ఉండి దాని కింద సుంకేసుల బ్యారేజీ గేట్లు కూడా ఎత్తారంటే తిన్నె చుట్టూ నీళ్లొచ్చేస్తాయి. 2009లో ఊరు మునిగింది అక్టోబరు మొదట్లోనే కదా. ఇంత టెన్షన్ పెట్టుకుని కాలేజీ పిల్లల్ని అక్కడికి దించడం నాకైతే ఇష్టం లేదు.

సంక్రాంతి అయ్యాకైతే జనం తగ్గుతారు, నిజమే. అయితే కట్టె ఎండి తేలికవుతుంది, ట్రాక్టరు దగ్గరిదాకా రాగలదు, ఎండ ఇంకా ముదరదు. మరీ మార్చికి జరపొద్దు, టెర్న్ లాంటి నీటిపక్షులు ఉత్త ఇసుకలోనే గుడ్లు పెడతాయి, ఆ రంగులో కలిసిపోయి కాలికింద పడేదాకా కనపడవు.

నా ఓటు జనవరి ఆఖరుకే. నీళ్లంచున నానే పెద్ద మొద్దుల్ని వదిలేయండి, చేపపిల్లలు వాటి చాటునే ఉంటాయి. ఏ నెలైనా బూట్లు తప్పనిసరి, సర్కారుతుమ్మ ముళ్లు చెప్పుల్లోంచి దిగుతాయి. కట్టె ఎత్తేముందు కర్రతో కదిలించండి, పాములుంటాయి.