చౌడు మడుల్లో మినుముకు రైజోబియం ద్రావణం: వాడి చూశాక నా అభిప్రాయం

సంతబొమ్మాళి, పోలాకి, వజ్రపుకొత్తూరు మండలాల్లో సముద్రానికి దగ్గరగా ఉన్న వరి మడుల్లో మినుము, పెసర చల్లే రైతులకు పనికొస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. శ్రీకాకుళంలో ఒక ఎరువుల దుకాణంలో అర లీటరు రైజోబియం ద్రావణం కొని, నౌపడా ఉప్పు మడులకు ఎక్కువ దూరం లేని మా పొలంలో, వరి కోతకు ముందు చల్లే మినుము విత్తనానికి పట్టించాను. పోల్చి చూడడానికి అదే విత్తనాన్ని ఏమీ పట్టించకుండా పక్క మడిలో చల్లించాను. ఉప్పు కొద్దిగా ఉన్న మడిలో పెట్టిన డబ్బుకు తగిన ఫలితం కనిపించింది. ఎండిన కొద్దీ పైన తెల్లటి పొర కట్టే పాలచౌడు చెక్కలో మాత్రం ఈ ద్రావణం వల్ల ఏ మేలూ జరగలేదు.

గాలిలో 78 శాతం నత్రజనే ఉన్నా, ఏ మొక్కా దానిని నేరుగా తీసుకోలేదు. అపరాల వేళ్ల మీద బుడిపెలు కట్టించి, వాటిలో నివసించే రైజోబియం అనే బ్యాక్టీరియా ఆ నత్రజనిని అమ్మోనియాగా మార్చి మొక్కకు ఇస్తుంది, బదులుగా మొక్క నుంచి పిండిపదార్థం పొందుతుంది. ఈ బ్యాక్టీరియాను 1888లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త బైజెరింక్ మొదటిసారి వేరుచేశాడు. అందుచేత సీసాలో ఉన్నది ప్రాణమున్న సరుకు అని గుర్తుంచుకుని కొనాలి. యూరియా బస్తా ఎండలో ఉన్నా యూరియాగానే మిగులుతుంది గాని, ఈ సీసా వేడికి గురైతే లోపల ఉన్నవి చచ్చిపోయి రంగునీళ్లే మిగులుతాయి.

పని చేసిందో లేదో తెలుసుకోవడానికి మొక్క పచ్చదనం చూస్తే సరిపోదు, వేరు చూడాలి. చేత్తో పీకితే బుడిపెలు మట్టిలోనే తెగి ఉండిపోతాయి కనుక, పూత మొదలయ్యే సమయంలో పారతో మట్టిగడ్డతో సహా మొక్కను లేపి, బకెట్టు నీళ్లలో నానబెట్టి మెల్లగా కడగాలి. పట్టించిన మడిలో తల్లివేరు పై భాగంలో, కాండం మొదలుకు దగ్గరగా, ఆవగింజ కన్నా పెద్ద బుడిపెలు గుత్తులుగా కనిపించాయి. గోటితో చీలిస్తే లోపల ఎర్రటి గులాబీ రంగు, వేలికి అంటుకునే తడి. ఆ రంగు లెగ్‌హీమోగ్లోబిన్ అనే పదార్థానిది. నత్రజనిని మార్చే ఎంజైముకు ఆక్సిజన్ తగిలితే అది చెడిపోతుంది, కానీ బ్యాక్టీరియా బతకడానికి ఆక్సిజన్ కావాలి. ఆ రెండింటికీ సరిపడేటంత కొలతలో ఆక్సిజన్‌ను అందించేది ఈ ఎర్రటి పదార్థమే. పట్టించని మడిలోనూ బుడిపెలు లేకపోలేదు, ఎందుకంటే మన నేలల్లో సహజంగా ఉండే బ్యాక్టీరియా కూడా మినుముకు బుడిపెలు కట్టిస్తుంది. అయితే అవి చిన్నవి, పక్కవేళ్ల మీద చెదురుమదురుగా ఉన్నాయి, చీల్చి చూస్తే చాలావరకు లోపల తెల్లగానో, ఆకుపచ్చగానో ఉన్నాయి. తెలుపు ఇంకా పని మొదలుపెట్టలేదని, ఆకుపచ్చ పని ముగిసిపోయిందని గుర్తు.

పాలచౌడు చెక్క సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. దుకాణదారు నాతో "ఉప్పునేలకైనా ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుందండీ" అన్నాడు. ఆ మాటలో సగమే నిజం. ఈ జాతి బ్యాక్టీరియాలో చాలా రకాలు తమ కణాల్లో ట్రెహలోజు అనే చక్కెర వంటి పదార్థాలను కూడబెట్టుకుని, మినుము మొక్క ఓర్చుకోలేనంత ఉప్పును కూడా ఓర్చుకోగలవు. కానీ బుడిపె కట్టాలంటే ముందు వేరు కేశం వంకర తిరిగి బ్యాక్టీరియాను లోపలికి తీసుకోవాలి. నేలలో ఉప్పు ఎక్కువైతే వేరు కేశాలు సరిగా పెరగవు, వంకర తిరగవు, మొక్కకే నీరు అందదు. మట్టిలో ఉప్పు ఎంత ఉందో తెలిపే కొలత అయిన విద్యుత్ వాహకత మీటరుకు 4 డెసీసీమెన్సు దాటిన నేలను చౌడు నేలగా లెక్కిస్తారు, మినుము, పెసర ఆ స్థాయికి రాకముందే నీరసించే పంటలు. అంటే సీసాలో ఉన్నది ఎంత గట్టి రకమైనా, ఆశ్రయమిచ్చే మొక్క తట్టుకోలేనప్పుడు అది చేయగలిగింది ఏమీ ఉండదు. పైగా మన ప్రాంతంలో వరి కోత తరువాత వానలు ఆగిపోయి మడి ఆరుతున్న కొద్దీ, కింది తేమతో పాటు ఉప్పు కూడా పైకి ఎక్కి వేళ్ల దగ్గర పేరుకుంటుంది. పదునుగా ఉన్నప్పుడే చల్లి, తొలి వారాల్లోనే బుడిపెలు కట్టనిస్తే కొంత లాభం. ఆలస్యంగా చల్లిన వారికి ఈ ద్రావణం కొనమని నేను చెప్పను.

నాణ్యత విషయంలో రెండు అభ్యంతరాలు ఉన్నాయి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ద్రవరూప రైజోబియంలో మిల్లీలీటరుకు కనీసం 10 కోట్ల సజీవ కణాలు, పొడి రూపంలో గ్రాముకు కనీసం 5 కోట్లు ఉండాలి. చీటీ మీద పేర్కొన్న ప్రతి పంటకూ బుడిపెలు కట్టించగలగాలి. నేను కొన్న సీసా మీద మాత్రం "అన్ని పప్పు పంటలకు" అని ఉంది. మినుము, పెసర, వేరుశనగల్లో బుడిపెలు కట్టించే బ్యాక్టీరియా ఒక జాతి, శనగకు పనికొచ్చేది వేరొక జాతి. ఒకే సీసా అన్నిటికీ సరిపోతుందనడం రైతును తప్పుదారి పట్టించడమే, దీనిని తయారీదారు తప్పక సరిదిద్దాలి. రెండవది, ఆ సీసాలను దుకాణం గుమ్మంలో మధ్యాహ్నపు ఎండ పడే అరలో పేర్చి ఉంచారు. లోపలి గదిలో ఉన్న పెట్టె తెరిపించి, గడువు తేదీ చూసి, అందులోంచే నేను తీసుకున్నాను.

వాడకంలో పొడి కన్నా ద్రావణమే సులువు. పొడిని పట్టించడానికి బెల్లం నీళ్లు కాచి చల్లార్చాలి, అయినా సగం రాలిపోతుంది. ద్రావణం గింజకు పలుచగా, సమంగా అంటుకుంటుంది. నీడలో ఆరబెట్టి అదే రోజు చల్లాలి. విత్తనశుద్ధి మందు కూడా వాడదలిస్తే దానిని ముందు పట్టించి, ఆరిన తరువాతే రైజోబియం పట్టించాలి. ఎకరాకు 8 కిలోలకు మించి నత్రజని వేస్తే బుడిపెలు కట్టడం తగ్గుతుంది కనుక, బలానికని యూరియా గుప్పించే అలవాటు ఉన్నవారు ఈ సీసాకు డబ్బు పెట్టడం వృథా.

వచ్చే పంటకు ఉప్పు తక్కువగా ఉన్న మడులకు ఇదే ద్రావణాన్ని మళ్లీ కొంటాను. పాలచౌడు చెక్కలో ముందుగా మంచినీటితో ఉప్పును కడిగించి, వరికి ముందు పచ్చిరొట్ట పైరైన జీలుగ వేసి కలియదున్నిస్తాను. జీలుగ ఉప్పును బాగా ఓర్చుకుంటుంది, దాని వేళ్లకూ బుడిపెలు కడతాయి. ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలో మట్టి చూపించి వాహకత ఎంత తగ్గిందో తెలుసుకున్నాకే ఆ చెక్కలో మినుము సంగతి ఆలోచిస్తాను.