చేత్తో చేసిన గిటారు: ఐదు శ్రుతిలో పుట్టిన ట్యూన్, నాలుగున్నరలో రికార్డింగ్

ఈ గిటారు మీద కింది ‘జి’ మీటితే ఆ స్వరం చెవికంటే ముందు వాయించేవాళ్ల పక్కటెముకలకు తెలుస్తుంది. కొన్నేళ్లుగా వాయిస్తున్నా ఆ ఒక్క స్వరం మీద మోజు తగ్గలేదు. స్ప్రూస్ చెక్క టాప్ (ముందు పలక), రోజ్‌వుడ్ వెనక భాగం, ఎముక శాడిల్ (తీగలు ఆనే చిన్న పట్టీ) లాంటివి ఈ తరహా గిటార్లు చూసినవాళ్లకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్లను. ఆ ‘జి’ గురించి, దాన్నుంచి పుట్టిన ట్యూన్ గురించి, రికార్డింగులో అది పెట్టిన తిప్పల గురించి మాత్రం వివరంగా చెప్పాలి.

బెంగళూరు శివార్లలో ఒకాయన చేశారు దీన్ని. పని మధ్యలో ఉండగా ఆయన షెడ్డుకు వెళ్లి చూశాను. టాప్ పలకను అంచున రెండు వేళ్లతో పట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుని, బొటనవేలి కణుపుతో తడతారు. లోపల ఊతంగా అతికించిన బ్రేసు అనే చెక్కపట్టీ మీద ఉలితో సన్నగా ఒక పొర తీసి మళ్లీ తడతారు. ఆ పొర ఉల్లిపొరలా చుట్టుకుని కింద పడుతుంది. ఫ్యాక్టరీలో పలకలన్నిటినీ దాదాపు ఒకే మందానికి తీస్తారు. ఈయన మాత్రం చేతిలో ఉన్న చెక్క ఎంత బిగువుగా ఉందో చూసుకుని, దానికి తగ్గట్టు పల్చన చేస్తారు. అందుకే గోరు తగిలినా పలుకుతుంది. నేను పిక్ వాడను, వేలి కొసలతోనే వాయిస్తాను. నా బోటివాళ్లకు ఇది వరమే.

ట్యూన్ కూడా ఆ షెడ్డులో విన్న చప్పుళ్ల నుంచే వచ్చింది. ఓపెన్ జి ట్యూనింగులో, లావు తీగ నుంచి మొదలుపెడితే డి, జి, డి, జి, బి, డి అని శ్రుతి చేస్తాం. ఐదో తీగను ఊరికే మీటినా ఆ ‘జి’ వచ్చేస్తుంది. మన కర్ణాటక సంగీతం లెక్కలో ఐదు శ్రుతి. బొటనవేలు తంబురాలా దాని మీద నడుస్తుంటే పై తీగల మీద మోహన రాగం స్వరాలు వాటంతట అవే కుదిరాయి. మధ్యలో తీగలు వదిలేసి పక్క పలకను తట్టే చోటొకటి ఉంది. చెక్కను తట్టి, ఆగి, విని, మళ్లీ తట్టే ఆయన లయ అది. ఆ ఆగడం ట్యూన్‌లో ఉండాలని చాలా పట్టుబట్టాను.

రికార్డింగ్ మల్లేశ్వరంలోని మా ఇంట్లోనే, అర్ధరాత్రి దాటాక. పగలు బస్సుల హారన్లు సరే, అపార్టుమెంటు బోరు మోటారుతో అసలు సమస్య. 50 హెర్ట్జ్ కరెంటు మీద నడిచే మోటారు 100 హెర్ట్జ్ దగ్గర గుంయ్‌మంటుంది. అది సరిగ్గా మన ‘జి’ (98 హెర్ట్జ్) పక్కింట్లోనే ఉంటుంది.

రికార్డింగులో సాయానికి వచ్చిన తమ్ముడు సౌండ్ ఇంజినీరు. మొదటి టేకు సగంలోనే హెడ్‌ఫోన్స్ తీసేశాడు. “అన్నా, ఈ ఒక్క నోటే మీటరంతా తినేస్తోంది. మిగతావి వినపడేలా పెంచితే ఇది పగిలిపోతోంది” అన్నాడు. విన్నాను. నిజమే. ‘జి’ వచ్చినప్పుడల్లా ఒక్కసారిగా ఉబ్బి, మిగతా స్వరాలకంటే ముందే ఆరిపోతోంది. సౌండ్‌హోల్‌కి (గిటారు మధ్యనున్న రంధ్రానికి) ఎదురుగా ఉన్న మైకును పన్నెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డగీత) వైపు ఒక అడుగు దూరానికి జరిపాం. కొంత నయం. ఈక్యూలో, అంటే ఏ స్థాయి శబ్దాన్ని ఎంత ఉంచాలో సర్దే మీటల్లో, 100 హెర్ట్జ్ దగ్గర తగ్గిస్తే నోటు దారిలోకి వచ్చింది గానీ ట్యూన్ ఒళ్లు చిక్కిపోయింది.

పొద్దున్నే గిటారు చేసినాయనకు ఫోన్ చేశాను. “ఏదైనా మందపాటి కార్డు తీగల కింద నుంచి దూర్చి హోల్ సగం మూయండి. అప్పుడు మీటి చూడండి” అన్నారు. టీపాయ్ మీదున్న పెళ్లి శుభలేఖ దూర్చాను. ‘జి’ నెమ్మదించింది, దానికంటే కింది స్వరాలు లావెక్కాయి. అప్పుడు వివరంగా చెప్పారు. గిటారు పొట్టలోని గాలికి సొంతంగా ఒక స్వరం ఉంటుంది. పొట్ట ఎంత, రంధ్రం ఎంత అన్నదాన్ని బట్టి అది మారుతుంది. మామూలుగా 100 హెర్ట్జ్‌కు అటూఇటూ ఉంటుంది. ఐదో తీగ ‘జి’ 98 హెర్ట్జ్. రెండూ కలిసిన చోట తీగలోని శక్తినంతా పొట్ట ఒక్కసారే లాగేసుకుంటుంది. అందుకే అంత పెద్దగా మోగుతుంది, అంత త్వరగా అయిపోతుంది. పలక ఎంత తేలిగ్గా ఉంటే ఇది అంత ఎక్కువ తెలుస్తుందట.

శుభలేఖ పెట్టి రికార్డు చేయలేం కదా, తీగలన్నిటినీ అర స్వరం దించాను. ఐదో తీగ 98 నుంచి 92.5కి, అంటే నాలుగున్నర శ్రుతికి వచ్చింది. గాలి స్వరం ఉన్నచోటే ఉంది, తీగ మాత్రం దాని దారిలోంచి తప్పుకుంది. ఆ రాత్రి టేకు వింటుంటే నాకు నోట మాట రాలేదు. బేస్ గుండ్రంగా, నిదానంగా, పై స్వరాలకు చోటిస్తూ సాగింది. తీగలు వదులై గమకాలు లాగడం కూడా సులువైంది. ఆ తట్టే చోటు తర్వాత వచ్చే నిశ్శబ్దంలో ఇంతకుముందు తెగిపోయిన మోత ఈసారి చివరిదాకా నిలిచింది.

కాబట్టి ‘ఈ గిటారు బేస్‌కి తిరుగులేదు’ అని స్నేహితులతో నేను అంటూ వచ్చిన మాటకు చిన్న సవరణ ఉంది. గదిలో కూర్చుని వినడానికి తిరుగులేదు. మైకు ముందు మాత్రం ఏ శ్రుతిలో వాయిస్తున్నామన్నది చూసుకోవాలి.

వేసవి సంగతి కూడా చెప్పాలి. బెంగళూరులో మార్చి మధ్యాహ్నాలు గాలిలో తేమ 30 శాతం లోపుకు పడిపోతుంది. టాప్ కాస్త దిగి, తీగలు ఫ్రెట్లకు తగిలి గరగరలాడతాయి. శ్రుతి దించితే ఇంకా ఎక్కువ. దీనికి ఆయన కొంచెం ఎత్తైన శాడిల్ ఇంకోటి చేసిచ్చారు. ఎండాకాలం అది పెడతాను, వానలు మొదలవగానే పాతది. కేసులో తేమ 45 నుంచి 55 శాతం ఉండేలా చూసుకుంటాను. కేసు మూత తీసి వదిలేసే ఇంట్లో ఈ గిటారు బతకదు.

అమెరికాలో ఉన్న మావాళ్లు రోజ్‌వుడ్‌ని దేశం దాటించొచ్చా అని అడుగుతుంటారు. 2017లో సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) కింద ఆంక్షలు వచ్చాయి గానీ, బ్రెజిలియన్ రోజ్‌వుడ్‌తో చేసినవి తప్ప, పూర్తిగా తయారైన వాద్యాలకు 2019 నవంబరు నుంచి మినహాయింపు ఉంది.

ఒంటరిగా, వేళ్లతో, ఇంట్లో వాయించుకునే నాకు ఇది సరిపోయింది. ఉద్యోగం ఉండి, నెలల తరబడి ఆగే ఓపిక ఉండి, వాయిద్యానికి తగ్గట్టు ట్యూన్ మార్చుకోవడానికి సిద్ధపడ్డాను కాబట్టి కుదిరింది. డ్రమ్స్ పక్కన స్టేజీ మీద వాయించేవాళ్లకు, పికప్ (గిటారుకే తగిలించే మైకు లాంటిది) పెట్టి గట్టిగా మోగించేవాళ్లకు నేను దీన్ని గట్టిగా సిఫార్సు చేయలేను, ఆ పల్చటి పలక ఫీడ్‌బ్యాక్‌తో (స్పీకరు మోత మళ్లీ గిటారులోకి వచ్చి ఊళ వేయడంతో) విసిగిస్తుంది. చేయించుకోవాలనుకుంటే ఆర్డరిచ్చే రోజునే మీరు ఎక్కువగా ఏ శ్రుతిలో వాయిస్తారో చేసేవాళ్లకు వాయించి వినిపించండి. రంధ్రం కొలత, పొట్ట లోతు తేల్చుకునేది అప్పుడే.