లోణావళా లాడ్జి కన్నా రెండు వేల ఏళ్ళనాటి యవనులే నయం

పుణె వైపు బౌద్ధ గుహలు చూడ్డానికి వెళ్తే లోణావళాలో శనివారం రాత్రి గది మాత్రం తీసుకోకండి. ఆన్‌లైన్‌లో గదికి 2,200 రూపాయలు, టిఫిన్ కలిపి అని చూపించి ముందే డబ్బు కట్టించుకున్నారు. తీరా వెళ్ళాక కౌంటర్లో కుర్రాడు "వీకెండ్ రేటు వేరే సార్" అంటూ గదికి ఇంకో 1,400 అడిగాడు. మావి రెండు గదులు, అంటే 2,800. అప్పటికే రాత్రి పది దాటింది. అత్తయ్యగారు మోకాళ్ళు పట్టేసి సోఫాలో కూలబడ్డారు. ఇంకేం వాదిస్తాం, కట్టేశాం. పొద్దున్నే కుళాయి తిప్పితే చుక్క నీళ్ళు లేవు. మోటారు పాడైందట. ఒక్కో గది ముందు ఒక్కో బకెట్ పెట్టి వెళ్ళిపోయారు, నలుగురం స్నానాలు చెయ్యాలి! సరే, టిఫిన్ అయినా పెడతారా అంటే, "అది పాత రేటుకి సార్, ఇప్పుడు మీది రూమ్ మాత్రమే" అన్నాడు. ఎక్కువ కట్టినందుకు టిఫిన్ ఎగిరిపోయిందన్నమాట. మా ఆవిడ మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

మేం వెళ్ళింది బౌద్ధం పుచ్చుకున్న యవనులు దానమిచ్చిన గుహలు చూడ్డానికి. యవనులంటే గ్రీకులు. తర్వాత్తర్వాత పడమటి నుంచి వచ్చిన మిగతావాళ్ళనీ అలాగే పిలిచారు. గ్రీకు పోలికలతో, మడతల వస్త్రంతో ఉండే బుద్ధుడు కావాలంటే మాత్రం ఇటు రాకండి. అది గాంధార శిల్పం, తక్షశిల, పెషావర్ వైపుది. మన దేశంలో చూడాలంటే చండీగఢ్ మ్యూజియానికి వెళ్ళొచ్చు. దేశ విభజనలో లాహోర్ మ్యూజియం సొత్తు పంచినప్పుడు మన వాటాకి వచ్చిన శిల్పాలు అక్కడున్నాయి. ఈ సంగతి కారులో చెప్పేసరికి మా బావమరిది మొహం మాడిపోయింది.

లోణావళా దగ్గరి కార్లే గుహల్లో టికెట్ మనిషికి 25. ఏకవీర అమ్మవారి గుడి చైత్యం (బౌద్ధుల ప్రార్థన హాలు) ముందే ఉంటుంది కాబట్టి ఆదివారం మెట్ల మీద తోపులాట తప్పదు. కానీ లోపలికి అడుగు పెడితే అవన్నీ మర్చిపోతాం. దాదాపు 38 మీటర్ల పొడవు హాలు, పైకప్పుకి ఆనాటి చెక్క వాసాలు ఇప్పటికీ ఉన్నాయి. స్తంభాల మీద దాతల పేర్లు చెక్కారు. వాళ్ళలో 'ధేనుకాకటం నుంచి వచ్చిన యవనుడు సిహధయ' ఒకడు. మనిషి యవనుడు, పేరు మనది, ఇచ్చింది బుద్ధుడికి. అక్కడ గైడునని వెంటపడినాయన 500 అడిగి ఇదంతా పాండవులు ఒక్క రాత్రిలో చెక్కారని మొదలుపెట్టాడు. వద్దని పంపేశాం. ఆ పేర్లు చెక్కిన బ్రాహ్మీ లిపి అక్షరాల ఫొటోలు ముందే ఫోన్లో పెట్టుకుని వెళ్ళండి, గైడు అక్కర్లేదు.

తర్వాతి మజిలీ జున్నర్‌లో గది 1,300, వేడినీళ్ళతో సహా. ఊళ్ళో చిన్న హోటల్లో మాస్వడి థాలీ తిన్నాం, 160 రూపాయలు. శనగపిండి ఉడికించి పల్చగా పరిచి, లోపల నువ్వులు, ఎండుకొబ్బరి, వెల్లుల్లి కారం పెట్టి చుట్టి ముక్కలు కోస్తారు. పక్కన సజ్జ రొట్టె, కళ్ళ నీళ్ళు పెట్టించే పులుసు. గుంటూరు కారం తిని పెరిగిన మా బావమరిదే మజ్జిగ అడిగాడు. హోటలావిడ అడక్కుండానే రెండోసారి పులుసు పోసింది, దానికి బిల్లు వెయ్యలేదు. మా ఆవిడ నవ్వింది ఇక్కడే.

జున్నర్ పక్కనే లేణ్యాద్రి కొండ మీద బౌద్ధ గుహే అష్టవినాయకుల్లో ఒకరి గుడి. అత్తయ్యగారు డోలీ వద్దని మెట్లన్నీ నడిచే ఎక్కారు.

నేను చూడాలనుకున్నది శివనేరి. అందరూ శివాజీ పుట్టిన కోట చూసి దిగిపోతారు. గుహలు కోట మెట్ల దారిలో లేవు, కొండకి వేరే వైపున్నాయి. దారి నిటారుగా ఉంటుంది, చెప్పులతో కుదరదు. అక్కడ చిత అనే యవనుడు భిక్షువుల సంఘానికి భోజనశాల తొలిపించి ఇచ్చాడు. జున్నర్ కొండల్లోనే ఇరిల అనే ఇంకో యవనుడు రెండు నీటి తొట్లు ఇచ్చాడు. రాతిలో తొలిచిన తొట్లు, మోటారు గొడవ లేదు. ఆ శాసనాల సంగతి చెప్పగానే మా ఆవిడ, "లోణావళా వాడికి ఈ ఫొటో పంపండి" అంది. పంపాను, జవాబు లేదు. ఆ రోజుల్లో కొంకణ రేవుల నుంచి నానేఘాట్ కనుమ ఎక్కి వచ్చే సరుకుకి జున్నర్ పెద్ద మజిలీ. అందుకే ఈ విదేశీ దాతలు ఇక్కడ తేలారు.

నాసిక్‌లో పాండవ్ లేణీ కొండ పొద్దున్నే ఎక్కెయ్యండి. ఇక్కడా టికెట్ 25, గుహలు 24. 17వ గుహ దత్తామిత్రి నుంచి వచ్చిన యోనకుడు (అంటే యవనుడే) ఇంద్రాగ్నిదత్తుడు తల్లిదండ్రుల పేర తొలిపించింది. లోపల చైత్యమూ, నీటి తొట్లూ కూడా చేయించానని చెప్పుకున్నాడు. అదే కొండ మీద 3వ గుహలో మన శాతవాహనుల శాసనం ఉంది. గౌతమీపుత్ర శాతకర్ణి శకులనూ, యవనులనూ, పహ్లవులనూ నాశనం చేశాడని తల్లి బాలశ్రి గొప్పగా రాయించింది. పడగొట్టామన్నవాళ్ళకీ పక్కనే గుహ ఉంది. మా బావమరిది గాంధార బుద్ధుణ్ణి మర్చిపోయి ఈ రెండు గుహల మధ్యే తిరుగుతూ ఉండిపోయాడు.

కారు రోజుకి 3,500, డ్రైవర్ బత్తా 400 వేరే. పుణెలో ఎక్కి నాసిక్‌లో దిగితే ఖాళీగా తిరిగెళ్ళే ఛార్జీ కూడా అడుగుతారు, ముందే మాట్లాడుకోండి. తిరుగు ప్రయాణానికి నాసిక్ రోడ్ స్టేషన్లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా సికింద్రాబాద్ వచ్చెయ్యొచ్చు.