మేడ మీద కీరదోసా, పప్పు దోసా?

బెజవాడ ఎండకి పప్పు దోసే గట్టిది. జనవరి, ఫిబ్రవరిలో గింజ పెడితే వేసవిలోనూ కాస్తుంది. పందిరి లేకున్నా నేల మీద పాకుతుంది. పసుపు తిరిగాక కోస్తే కాయ వారాలు నిలవుంటుంది. పప్పుకైనా దోసావకాయకైనా ముందు ముక్క కొరికి చూడండి, చేదు కాయ ఒక్కటి చాలు గిన్నెడు పప్పు పాడవడానికి.

కీర సుకుమారం. నవంబరులో వేసి, ఎండలు ముదరకముందే కోసుకోవాలి. పద్దెనిమిది అంగుళాల కుండీకి రెండు మొక్కలు, ఆరడుగుల తాడు. మట్టి ఒకరోజు ఎండి మరుసటి రోజు తడిస్తే కాయ చేదెక్కుతుంది. ముదరనిస్తే కొత్త పిందెలు తగ్గుతాయి, రోజు విడిచి రోజు కోయాలి.

రెంటికీ మొదట వచ్చేవి మగపూలే, రాలితే కంగారొద్దు. ఆడపూవు కింద బుల్లి పిందె ఉంటుంది. తేనెటీగలు రాకపోతే పొద్దున్నే మగపూవు పుప్పొడి ఆడపూవుకి అద్దాలి. పిందె మీద చిన్న రంధ్రం, జిగురు కనిపిస్తే పండు ఈగ పనే. ఆ పిందె కోసి పారేయండి, మిగతావాటికి కాగితం సంచి తొడగండి.