గోడాట్ 2డీ లైట్లు: చాలాకాలం వాడాక నా రివ్యూ

గేమ్‌లు తయారుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ (గేమ్ ఇంజిన్) గోడాట్. దాని మూడో వెర్షన్ రోజుల నుంచి ఇందులో 2డీ లైట్లు వాడుతున్నాను. 2023 మార్చిలో 4.0 వచ్చాక దానికి మారాను, అప్పటి నుంచి అక్కడే ఉన్నాను. ముందే చెప్పేస్తున్నా, లైటు పెట్టడం పది నిమిషాల పని. అది గేమ్‌లో బాగుండేలా చేయడానికి మాత్రం నెలలు పడుతుంది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టమన్నా ఇదే ఇంజిన్ తీసుకుంటాను, కాకపోతే ఈసారి అందులో సగం లైట్లు కూడా పెట్టను.

గోల్కొండ నుంచి చార్మినార్ దాకా సొరంగం ఉందని హైదరాబాద్‌లో పెరిగినవాళ్లు చిన్నప్పుడు వినే ఉంటారు. నేను చేస్తున్న పిక్సెల్ ఆర్ట్ (కంటికి కనిపించే చిన్న చదరాలతో గీసే బొమ్మలు) గేమ్ ఆ కథ మీదే. లాంతరు పట్టుకుని ఒకమ్మాయి సొరంగంలో నడుస్తుంటుంది, వెలుగు ఎంత దూరం పడితే అంతవరకే దారి తెలుస్తుంది. లైటింగ్ తీసేస్తే ఇక గేమే లేదు. అందుకే ఈ ఫీచర్‌ను మామూలుగా వాడేవాళ్లకంటే నేను ఎక్కువ పీడించాను.

పద్ధతి తేలికే. సీన్‌లో క్యాన్వాస్ మాడ్యులేట్ అనే నోడ్ (గోడాట్‌లో సీన్ కట్టే ఒక్కో భాగాన్ని నోడ్ అంటారు) వేసి దానికో ముదురు రంగు ఇస్తే సీన్ మొత్తం చీకటి పడుతుంది. తర్వాత పాయింట్‌లైట్ అనే లైటు నోడ్ వేసి దానికో టెక్స్చర్, అంటే వెలుగు ఆకారం చెప్పే బొమ్మ, ఇవ్వాలి. టెక్స్చర్ ఇవ్వకపోతే లైటు ఉన్నా ఏమీ కనిపించదు, కొత్తవాళ్లు ముందు తల పట్టుకునేది ఇక్కడే. బొమ్మ గీయక్కర్లేదు, ఒక రంగు నుంచి ఇంకో రంగుకు మెల్లగా మారే గ్రేడియంట్ టెక్స్చర్ తీసుకుని ఫిల్‌ను రేడియల్‌కి మారిస్తే గుండ్రటి వెలుగు వచ్చేస్తుంది. రంగు, ఎనర్జీ (వెలుగు తీవ్రత), సైజు అన్నీ అక్కడికక్కడే మార్చుకోవచ్చు, ఎడిటర్‌లోనే కనిపిస్తాయి కాబట్టి ప్రతిసారీ గేమ్ నడిపి చూసే బాధ లేదు. ఈ విషయంలో పూర్తి మార్కులు.

అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. లైటు రంగు బొమ్మ సొంత రంగుతో గుణించి పడుతుంది. అంటే బొమ్మలో పూర్తి నలుపు ఉన్నచోట ఎంత లైటు వేసినా నలుపే. మనలో చాలామంది పిక్సెల్ ఆర్ట్‌కు నల్లటి అవుట్‌లైన్ గీస్తాం, చీకటి సొరంగంలో లాంతరు పక్కనే ఆ గీతలు కత్తిరించి అతికించినట్టు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఇంకో చిక్కు ఏంటంటే, బొమ్మలో ఎడమవైపు వెలుగు, కుడివైపు నీడ ముందే గీసి ఉంటే, లాంతరు కుడి నుంచి వచ్చినప్పుడు రెండు వెలుగులూ కొట్టుకుంటాయి. కాబట్టి లైట్లు వాడాలనుకుంటే బొమ్మలు ముందు నుంచే ఫ్లాట్‌గా, నీడల్లేకుండా గీసుకోవాలి. ట్యుటోరియల్స్‌లో ఈ సంగతి పెద్దగా వినిపించదు, ఎందుకంటే అక్కడ సీన్‌లో ఒక గోడ, ఒక బొమ్మ తప్ప ఇంకేం ఉండవు.

చీకటి రంగు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. నలుపు ఇస్తే స్క్రీన్ చచ్చిపోయినట్టుంటుంది. ముదురు నీలమో, నీలంలో కొంచెం ఊదా కలిపిన రంగో ఇస్తే లాంతరు పసుపు దాని పక్కన నిలబడుతుంది. అయితే రాత్రి గదిలో లైటు తీసేసి మానిటర్ మీద చూసిన రంగును నమ్మకండి. నేను ఫోన్‌లో వేసుకునే గేమ్ ప్రతి బిల్డ్‌నూ (వెర్షన్‌నూ) మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ వెళ్లే మెట్రోలో పట్టపగలు చూస్తాను. మన మెట్రో అంతా పిల్లర్ల మీదే కదా, రెండు పక్కలా అద్దాల్లోంచి ఎండ. ఓసారి పక్కన కూర్చున్న ఫ్రెండ్‌కి ఫోన్ ఇస్తే కాసేపు చూసి, "అన్నా, ఇందులో నా మొహమే కనిపిస్తుంది గానీ గేమ్ కనిపిస్తలేదు" అన్నాడు. ఆ రోజే సెట్టింగ్స్‌లో బ్రైట్‌నెస్ స్లైడర్ పెట్టి, దాన్ని క్యాన్వాస్ మాడ్యులేట్ రంగుకు తగిలించాను. ఎవరైనా ఫోన్ కోసం చీకటి గేమ్ చేస్తుంటే ఇది మొదటి వారమే పెట్టుకోండి.

ఇక నీడలు. వెలుగును అడ్డుకునే లైట్ ఆక్లూడర్ నోడ్‌కు ఒక పాలిగాన్ (మూలలున్న ఆకారం) గీసి, లైటులో షాడో ఆన్ చేస్తే నీడ పడుతుంది. టైల్స్‌తో, అంటే పక్కపక్కన పేర్చే బొమ్మ ముక్కలతో, లెవల్ కట్టేవాళ్లు టైల్‌సెట్‌లోనే ఆక్లూజన్ లేయర్ పెట్టి ఒక్కో టైల్‌కు ఒకసారి గీసుకుంటే చాలు, లెవల్ అంతా దానంతటదే వస్తుంది. ఇది చాలా బాగా చేశారు. కానీ టైల్ మొత్తానికి పాలిగాన్ గీస్తే గోడ మీద గోడ నీడే పడి రాళ్లన్నీ నల్లగా మాడిపోతాయి. నేను గోల్కొండకు పోయి ఫోటోలు తీసుకుని మరీ గీసిన గ్రానైట్ రాళ్లు ఆ నలుపులో కనబడకపోతే ఏం లాభం! పాలిగాన్‌ను టైల్ అంచుల నుంచి కొన్ని పిక్సెల్స్ లోపలికి జరిపితే గోడ అంచు మీద వెలుగు పడి, దాని వెనక చీకటి మొదలవుతుంది. ఇంకోటి, లాంతరు పట్టుకున్న పాత్రకు కూడా ఆక్లూడర్ పెడితే లైటు ఆ పాలిగాన్ లోపల ఇరుక్కుని చుట్టూ అంతా చీకటే అవుతుంది. ఆక్లూడర్ లైట్ మాస్క్, లైటులోని షాడో కల్ మాస్క్ (ఏ ఆక్లూడర్ ఏ లైటుకు నీడ వేయాలో చెప్పే సెట్టింగులివి) వేరు చేసుకుంటే పోతుంది. ఈ మాస్కులు అర్థమైతే సగం సమస్యలు తీరినట్టే, పేర్లు మాత్రం ఒకదానితో ఒకటి కలిసిపోయి తికమక పెడతాయి.

పిక్సెల్ ఆర్ట్ వాళ్లకు ప్రత్యేకంగా ఒక తలనొప్పి ఉంది. బొమ్మలేమో పెద్ద పెద్ద పిక్సెల్స్‌తో, వాటి మీద పడే వెలుగేమో నున్నగా. రెండూ వేరే గేముల్లోంచి తెచ్చినట్టుంటాయి. గ్రేడియంట్ బదులు మూడు నాలుగు మెట్లుగా తగ్గే వెలుగు వలయాలు గీసి దాన్నే లైటు టెక్స్చర్‌గా ఇచ్చాను, పిక్సెల్స్ మెత్తబడకుండా ఫిల్టర్ నియరెస్ట్‌లో పెట్టాను, స్ట్రెచ్ మోడ్ వ్యూపోర్ట్‌కు మార్చి గేమ్ మొత్తాన్ని చిన్న రిజల్యూషన్‌లో గీయించాను. షాడో ఫిల్టర్ ఏమీ వద్దని పెడితే నీడ అంచులు కూడా పిక్సెల్స్‌తో కలిసిపోయాయి. అందంతో పాటు ఖర్చు కూడా తగ్గింది, ఎందుకంటే నీడ అంచులు మెత్తబరిచే ఫిల్టర్లకు, ముఖ్యంగా వాటిలో అన్నిటికన్నా మెత్తగా చేసే పీసీఎఫ్13కి, జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) పని ఎక్కువ.

లాంతరు మంట రెపరెపలాడాలంటే ప్రతి ఫ్రేమ్‌కూ ఎనర్జీకి రాండమ్ నంబర్ ఇవ్వకండి, స్టార్టర్ పోయిన ట్యూబ్‌లైట్ లాగా కొట్టుకుంటుంది. నాయిస్ (మెల్లగా పెరిగి తగ్గే రాండమ్ విలువలు) నుంచి విలువ తీసుకుంటే వెలుగు మెల్లగా ఊగుతుంది. మంట బొమ్మకు మాత్రం మెటీరియల్‌లో అన్‌షేడెడ్ (లైట్ల ప్రభావం పడదు) పెట్టాలి, లేకపోతే లైటుకు మూలమైన మంటే మసగ్గా కనిపిస్తుంది.

నార్మల్ మ్యాపుల మీద నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. బొమ్మలో ఏ పిక్సెల్ ఎటు తిరిగి ఉందో చెప్పే ఇంకో బొమ్మ అది, 4.0 నుంచి క్యాన్వాస్ టెక్స్చర్‌లో అసలు బొమ్మతో పాటు పెట్టుకోవచ్చు. లైగ్టర్ లాంటి ఉచిత టూల్ నిమిషాల్లో తయారుచేసి ఇస్తుంది. రాతి గోడకు పెట్టి లాంతరు అటూ ఇటూ తిప్పితే ఒళ్లు జలదరిస్తుంది, నిజం. అదే టూల్‌తో మనుషుల బొమ్మలకు చేస్తే మొహం ఉబ్బినట్టు, జ్వరం వచ్చినట్టు ఉంటుంది, ఎందుకంటే దానికి ముక్కేదో చెంపేదో తెలియదు, అంచులను చూసి ఉబ్బెత్తు అనుకుంటుంది. యానిమేషన్‌లో ప్రతి ఫ్రేమ్‌కూ చేత్తో సరిచేయాలి. ఒక్కరే పనిచేస్తుంటే గోడలకు పెట్టుకుని మనుషులను వదిలేయండి. లైటులో హైట్ విలువ సున్నా దగ్గర ఉంటే వెలుగు పక్క నుంచి గీసినట్టు పడి గీతలు గీతలుగా కనిపిస్తుంది, కొంచెం పెంచండి.

ఫోన్‌లో వేగం సంగతి. మంచి ల్యాప్‌టాప్‌లో ఎన్ని లైట్లు వేసినా తెలియదు, తక్కువ ధర ఫోన్‌లో తెలుస్తుంది. లైటు ఎంత పెద్దదైతే అన్ని పిక్సెల్స్ మీద లెక్క నడుస్తుంది, షాడో ఆన్ చేస్తే దానికి అదనం. సొరంగంలో గోడ దీపాలన్నిటికీ నిజం లైట్లు తీసేసి యాడ్ బ్లెండ్ మోడ్‌లో (వెనకున్న రంగుకు తన రంగు కలిపే పద్ధతి) మామూలు స్ప్రైట్లు, అంటే బొమ్మలు, పెట్టాను. ఈ చిట్కా గోడాట్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. నీడ రాదు, పూర్తి చీకట్లో వెనకున్న రంగును బయటికి తీయదు, పైన ఒక పొగలా పడుతుందంతే. దూరంగా ఉన్న దీపానికి అంతకన్నా అవసరం కూడా లేదు. ఇప్పుడు నీడ వేసే లైటు లాంతరు ఒక్కటే, దానివల్ల ఆడేవాళ్ల కళ్లు కూడా ఎటు చూడాలో అటే పోతున్నాయి.

చిన్న చిన్న చిరాకులు కొన్ని. క్యాన్వాస్ మాడ్యులేట్ తన క్యాన్వాస్‌నే చీకటి చేస్తుంది. స్కోరు, బటన్లు వేరే క్యాన్వాస్ లేయర్‌లో ఉంటే వెలుగ్గా ఉండటం మంచిదే, కానీ దూరంగా ఉన్నట్టు మెల్లగా కదిలే వెనకదృశ్యం కోసం వాడే పాత పారలాక్స్ బ్యాక్‌గ్రౌండ్ కూడా లేయరే కాబట్టి అది పట్టపగల్లా మెరుస్తూ ఉంటుంది. 4.3లో వచ్చిన పారలాక్స్2డీ నోడ్‌తో ఈ గొడవ పోయింది. ఇష్టమొచ్చిన ఆకారంలో గీసుకునే ఫ్రీఫార్మ్ లైటు యూనిటీ అనే ఇంకో గేమ్ ఇంజిన్‌లో ఉంది, ఇక్కడ లేదు, తలుపు సందులోంచి పడే వెలుగు కావాలంటే దాని టెక్స్చర్ మీరే గీసుకోవాలి. అన్నిటికన్నా నాకు ఇబ్బంది పెట్టింది ఇంకోటి: పాత్ర వెలుగులో ఉందా చీకట్లో ఉందా అని కోడ్‌లో అడిగితే ఇంజిన్ చెప్పదు. ఆ లెక్కంతా జీపీయూలో జరిగి స్క్రీన్ మీదికి పోతుంది. చీకట్లో మాత్రమే కదిలే గబ్బిలం కావాలంటే లాంతరు దాకా దూరం కొలిచి, మధ్యలో గోడ ఉందేమో రేకాస్ట్‌తో (ఒక గీత పంపి దేనికైనా తగులుతుందేమో చూడటం) చూసుకోవాలి. గుండ్రటి లైటు ఒక్కటే ఉంటే ఇది తేలికే. లైట్లు ఎక్కువైతే కళ్లకు కనిపించే వెలుగూ, కోడ్ అనుకునే వెలుగూ అంచుల దగ్గర తేడా వస్తాయి, ఆడేవాళ్లు దాన్ని వెంటనే పట్టేస్తారు.

డబ్బు మాటకొస్తే, ఎవరైనా ఉచితంగా వాడుకోనిచ్చే ఎంఐటీ లైసెన్స్ కాబట్టి ఇంజిన్‌కు రూపాయి కట్టక్కర్లేదు, గేమ్ అమ్ముకున్నా వాటా అడగరు. బొమ్మలన్నీ ఇప్పటికే నీడలతో సహా గీసేసి ఉండి, లెవల్స్ పూర్తయ్యాక "కొంచెం లైటింగ్ కొడదాం" అనుకునేవాళ్లు మాత్రం దీని జోలికి రాకండి. ఒక ముదురు పొర, యాడ్ మోడ్‌లో రెండు మూడు స్ప్రైట్లు వేసుకుంటే ఒక సాయంత్రంలో అయిపోతుంది.